786 నోటుకి లక్షలు రావు.. దాదా పేరున వచ్చిన పాత కవరు మాత్రం పారేయొద్దు

‘మీ దగ్గర 786 నంబరు నోటు ఉందా? ఇంట్లో కూర్చునే లక్షలు సంపాదించండి’. ఇలా మొదలయ్యే వీడియో ఏదో ఒక రూపంలో ప్రతి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. అది చూడగానే అమ్మీ బీరువా తెరుస్తుంది, ఖాలా పర్సు వెతుకుతుంది, పిల్లలు ఈదీ నోట్ల నంబర్లు మళ్లీ చూసుకుంటారు. అదే ఇంట్లో అటక మీద ట్రంకు పెట్టెలో దాదా పేరున వచ్చిన పాత ఉత్తరాలు ఉంటాయి. ఇంటికి సున్నం వేసేటప్పుడు వాటిని మాత్రం పాత న్యూస్ పేపర్లతో కలిపి రద్దీవాడి తూకానికి వేసేస్తారు.

పాత నోట్లు, స్టాంపులు సేకరించేవాళ్ల లెక్క సరిగ్గా దీనికి తలకిందులు. 786 నోటు దేశంలో కోట్ల జేబుల్లో తిరుగుతోంది. ఫలానా ఊరి నుంచి, ఫలానా తేదీన, ఫలానా స్టాంపుతో దాదాకి వచ్చిన కవరు మాత్రం ప్రపంచంలో ఒక్కటే. ఆ కవరుకి ఆ కాలపు నోటు కూడా తోడైతే దాన్ని చూసే కళ్లే వేరు. నోటు, స్టాంపు, పోస్టాఫీసు ముద్ర మూడూ కలిపి దాచుకోవడం అనేది ఒక పెద్ద హాబీ. అందులో డబ్బూ ఉంది, మోసమూ ఉంది, మన కుటుంబాల చరిత్రా ఉంది.

మూడు కాగితాలు ఒకే చోట

సంగతి సింపులే. ఒక కవరు తీసుకుంటారు. దాని మీద ఒక దేశపు స్మారక స్టాంపు అంటిస్తారు. ఆ దేశపు పోస్టాఫీసులో ముద్ర వేయిస్తారు. కవరుకి కిటికీలాంటి ఖాళీ పెట్టి, అందులోంచి కనిపించేలా అదే దేశపు కొత్త నోటు అమరుస్తారు. 1980లలో అమెరికాలోని ఫ్రాంక్లిన్ మింట్ సంస్థ ‘అన్ని దేశాల బ్యాంకు నోట్లు’ అనే అర్థం వచ్చే పేరుతో ఇలాంటి కవర్లను వరుసగా తయారు చేసి చందాదారులకు అమ్మింది. ఒక్కో కవరులో ఒక్కో దేశపు నోటు, ఆ దేశపు స్టాంపు, ఆ దేశపు ముద్ర. ఆల్బమ్‌లో చూడటానికి ముచ్చటగా ఉంటాయి. అయితే అవి సేకరించేవాళ్ల కోసమే తయారైన సరుకు. కొన్నవాళ్లంతా భద్రంగా దాచుకున్నారు కాబట్టి ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. దొరికే వస్తువుకి ధర ఎంత పెరుగుతుందో కామర్స్ చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఈ పని ఎవరికి వాళ్లు చేసుకోవచ్చు. తపాలా శాఖ కొత్త స్టాంపు విడుదల చేసిన రోజున ఫిలాటెలిక్ బ్యూరోల్లో ‘తొలిరోజు’ ముద్ర వేస్తారు. హైదరాబాద్‌లో అయితే ఆబిడ్స్ జీపీఓలో బ్యూరో ఉంది. అక్కడ డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త స్టాంపులు ఇంటికే పంపిస్తారు. ఉత్సవాలకీ, ఎగ్జిబిషన్లకీ ప్రత్యేక ముద్రలు కూడా వస్తుంటాయి.

ఈ మూడింటిలో ఏది ఏం చెబుతుందో తెలిస్తే మిగతా వ్యవహారమంతా అర్థమైపోతుంది.

నోటు మీద తేదీ ఉండదు. 2005 నుంచి మాత్రం రిజర్వ్ బ్యాంకు నోట్ల వెనకవైపు కింద అచ్చయిన సంవత్సరం వేస్తున్నారు. అంతకు ముందు నోటు కాలం తెలియాలంటే గవర్నర్ సంతకం చూడాల్సిందే. వై.వి.రెడ్డి సంతకం ఉంటే 2003, 2008 మధ్య నోటు. దువ్వూరి సుబ్బారావు సంతకమైతే ఆ తర్వాత 2013 దాకా. ఇద్దరూ తెలుగువాళ్లే. స్టాంపు కొంచెం నయం. దానికి విడుదలైన తేదీ ఉంటుంది, రికార్డుల్లో దొరుకుతుంది. అయితే స్టాంపుని విడుదలైన పదేళ్లకి కూడా అంటించవచ్చు. ఇక పోస్టాఫీసు ముద్ర. స్టాంపుని మళ్లీ ఎవరూ వాడకుండా చెడగొట్టడమే దాని అసలు పని. కానీ ఆ పని చేస్తూ చేస్తూ ఊరి పేరు, తేదీ, నెల, సంవత్సరం కాగితం మీద వదిలిపెట్టి పోతుంది. ఈ కవరు ఈ రోజు ఈ ఊళ్లో ఉంది అని చెప్పే గవాహీ అదొక్కటే.

గవాహీ అన్నాక ఒక షరతు ఉంటుంది. సాక్షి తను చూసిందే చెప్పాలి. ముద్ర పడింది కవరు మీదా, స్టాంపు మీదా. లోపల నోటు ఆ రోజున ఉందో లేదో ముద్రకి తెలియదు. నోటుని నిన్న రాత్రి పెట్టినా ముద్ర మారదు. ఈ హాబీలో జరిగే మోసాల్లో చాలావాటికి కిటుకు ఇక్కడే ఉంది.

సంతకం పట్టించిన తేడా

గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969 అక్టోబరు 2న భారత ప్రభుత్వం స్మారక స్టాంపులు తెచ్చింది. ఆ సందర్భానికే 2, 5, 10, 100 రూపాయల స్మారక నోట్లు కూడా వచ్చాయి. వెనుక సేవాగ్రామ్ కుటీరం, ముందు కూర్చున్న గాంధీజీ. స్టాంపు అంటించి, 2-10-1969 ముద్ర ఉన్న కవరులో ఆ నోటు పెడితే నోటు, స్టాంపు, ముద్ర చక్కగా కలిసిన జోడీ. అందుకే దీనికి గిరాకీ ఎక్కువ, కాబట్టి అతికించినవీ ఎక్కువే ఉండొచ్చు.

ఇలాంటి కవరు అమ్మకానికి వస్తే చేయాల్సిన మొదటి పని నోటు మీద సంతకం చదవడం. ఎల్.కె.ఝా సంతకం ఉంటే పర్వాలేదు, అప్పటి గవర్నర్ ఆయనే. బి.ఎన్.అదార్కర్ సంతకం ఉంటే మాత్రం కవరు కథ అబద్ధం. అదార్కర్ గవర్నర్‌గా ఉన్నది 1970 మే 4 నుంచి జూన్ 15 దాకా, నెలన్నర కూడా కాదు. ఆయన సంతకంతో గాంధీ శతజయంతి నోట్లు వచ్చిన మాట నిజమే. కానీ అవి 1969 అక్టోబరులో పుట్టనే లేదు. నోటు అసలుదే, స్టాంపు అసలుదే, ముద్ర కూడా అసలుదే. మూడూ నిజమైనా కలిపి చెప్పే మాట అబద్ధం! తక్కువ రోజుల గవర్నర్ సంతకం కాబట్టి విడిగా అదార్కర్ నోటుకి విలువ ఉంది. కవరులో పెట్టి అమ్మినవాడు ఆ సంగతి కూడా ఎరగడన్నమాట.

గాంధీ స్టాంపుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. స్వాతంత్య్రం వచ్చిన ఏడాదికి, 1948 ఆగస్టు 15న వచ్చిన తొలి గాంధీ స్టాంపుల మీద ‘బాపు’ అని హిందీలోనూ ఉంది, ఉర్దూలోనూ ఉంది. ఇంట్లో పాత కవరు మీద అది కనిపిస్తే పిల్లలకి తప్పకుండా చూపించాలి.

హాలీ రూపాయి, కల్దారు రూపాయి

తెలంగాణలో పాత కుటుంబాల పెట్టెల్లో దొరికే కాగితాలకి ఇంకా లోతైన కథ ఉంది. నిజాం హైదరాబాద్‌కి సొంత డబ్బు, సొంత తపాలా రెండూ ఉండేవి. నిజాం రూపాయిని హాలీ సిక్కా అనేవాళ్లు, ఇంగ్లీషు సర్కారు రూపాయిని కల్దారు అనేవాళ్లు. రెండింటి విలువా ఒకటి కాదు. 100 కల్దారు రూపాయలకి 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు లెక్క. అంటే ఆరు కల్దార్లకి ఏడు హాలీలు. బెజవాడ సంతకి వెళ్లే వ్యాపారికి ఈ లెక్క నోటికి రావాల్సిందే.

హైదరాబాద్ కాగితపు నోట్లు వేసుకుంటామంటే బ్రిటిష్‌వాళ్లు చాలాకాలం ఒప్పుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చింది. యుద్ధానికి నిజాం చేసిన సాయం కూడా ఉంది. చివరికి 1918లో హైదరాబాద్ కరెన్సీ చట్టం కింద 10, 100 రూపాయల ఉస్మానియా సిక్కా నోట్లు వచ్చాయి. 1919లో 1, 5 రూపాయల నోట్లు, 1926లో వెయ్యి రూపాయల నోటు. మొదట లండన్‌లోని వాటర్‌లో అండ్ సన్స్ అచ్చు వేసేది, నాసిక్‌లో ప్రెస్ పెట్టాక అక్కడ వేయించారు. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు ఉంటాయి. ఇప్పటి మన నోటు తిప్పి చూసినా భాషల పట్టీలో చివరి రెండు వరుసలు తెలుగు, దాని కింద ఉర్దూ. ఈ పక్కపక్కన ఉండటం కొత్తేమీ కాదు.

స్టాంపులు నోట్లకంటే పాతవి. 1869లో మొదలయ్యాయి. సర్కారు ఉత్తరాలకి వాడే స్టాంపుల మీద ఉర్దూలో ‘సర్కారీ’ అని అదనంగా అచ్చు వేసేవాళ్లు. 1931లో వచ్చిన బొమ్మల స్టాంపులు చూస్తే రాజ్యం మొత్తం తిరిగొచ్చినట్టే. అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఆ పైన అజంతా, బీదర్ మదర్సా, దౌలతాబాద్ మీనార్. 1937లో నిజాం పాలన రజతోత్సవానికి నాలుగు స్మారక స్టాంపులు తెచ్చారు. యునానీ దవాఖానా, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా యూనివర్సిటీ, జూబ్లీ హాల్. రాజు బొమ్మ బదులు దవాఖానా బొమ్మలు వేసిన రజతోత్సవం అది. 1940ల చివర్లో వరంగల్ కాకతీయ తోరణం, గోల్కొండ కోట కూడా స్టాంపు ఎక్కాయి.

ఇప్పుడు ఒక పెట్టెలో 1937 నాటి ఉస్మానియా ఆసుపత్రి స్టాంపుతో, వరంగల్ ముద్రతో ఒక కవరు దొరికిందనుకోండి. దాని పక్కన హైదర్ నవాజ్ జంగ్ సంతకం ఉన్న ఉస్మానియా సిక్కా నోటు ఒకటి. హైదర్ నవాజ్ జంగ్ అంటే సర్ అక్బర్ హైదరీ, రాజ్యం ఆర్థిక వ్యవహారాలు చూసిన మనిషి. నోటు ఎవరి చేతిలో ఉండేదో, ఉత్తరం ఎవరికి వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లకి తెలిసి ఉంటే ఆ రెండు కాగితాలూ మ్యూజియం వస్తువులతో సమానం. అదే స్టాంపు కోసం కవరు మూల చింపేసి, నోటుకి లామినేషన్ చేయిస్తే మిగిలేది ఒక రంగు ముక్క, ఒక ప్లాస్టిక్ అట్ట.

ఇక్కడ కూడా అతుకుల్ని పట్టుకునే మార్గం ఒకటుంది. నిజాం స్టాంపు రాజ్యం లోపలే చెల్లేది. మద్రాసుకో బొంబాయికో ఉత్తరం వేయాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు అంటించాలి, దానికి వేరే పోస్టాఫీసులు ఉండేవి. కేవలం నిజాం స్టాంపుతోనే మద్రాసు చేరిందని చెప్పే కవరు ఎవరైనా చూపిస్తే, జరిమానా వేసిన గుర్తు ఉందా లేదా అని ముందు అడగాలి.

1950 ఏప్రిల్ 1న హైదరాబాద్ తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. హాలీ సిక్కా మాత్రం ఆ తర్వాత కూడా కొన్నేళ్లు జేబుల్లో తిరిగింది. అంటే 1950 తర్వాత కొంతకాలం కవరు మీద భారత్ స్టాంపు, జేబులో నిజాం రూపాయి! పాలన మారిన తేదీ పుస్తకాల్లో ఒక్కటే ఉంటుంది. ఇంట్లో కాగితాల మీద మాత్రం మూడు నాలుగు తేదీలు కనిపిస్తాయి. పోలీస్ యాక్షన్ రోజుల గురించి నోరు విప్పని పెద్దవాళ్లు చాలా ఇళ్లల్లో ఉండేవాళ్లు. వాళ్లు చెప్పనిది అప్పుడప్పుడూ ఒక ముద్ర చెబుతుంది. ఫలానా నెలలో తాత హైదరాబాద్‌లో లేడు, గుల్బర్గాలో ఉన్నాడు అని.

సముద్రం అవతల రూపాయి

గల్ఫ్‌కి మనవాళ్లు ఎక్కువగా వెళ్లింది 1970ల తర్వాత. అప్పటికి అక్కడ దిర్హమ్, దినార్, రియాల్ వచ్చేశాయి. కానీ అంతకు ముందు కువైట్, బహ్రెయిన్, ఖతర్, దుబాయ్, మస్కట్‌లలో నడిచింది మన రూపాయే. బంగారం స్మగ్లింగ్ పెరిగిపోవడంతో 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేక నోట్లు వేసింది. రంగు వేరు, నంబరు ముందు జెడ్ అక్షరం. అవి భారత్‌లో చెల్లవు. 1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత దినార్ తెచ్చుకున్నాయి. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించాక ఖతర్, దుబాయ్ కూడా వదిలేశాయి.

ఆ రోజుల్లో దుబాయ్ కవరు చూస్తే నవ్వొస్తుంది. బ్రిటిష్ రాణి బొమ్మ ఉన్న ఇంగ్లండ్ స్టాంపు, దాని మీద మన నయాపైసల్లో విలువ అదనంగా అచ్చు వేసి ఉంటుంది. ఊరు అరబ్బుది, బొమ్మ రాణిది, లెక్క మనది! అలాంటి కవరు పక్కన జెడ్ అక్షరం నోటు పెడితే ఆ కాలపు గల్ఫ్ ఒక్క పేజీలో కనిపిస్తుంది.

1959లోనే ఇంకో నోటు వచ్చింది. అది మన కుటుంబాలకి మరీ దగ్గరిది. హజ్‌కి వెళ్లే భారతీయులు సౌదీలో మార్చుకోవడానికి వీలుగా 10, 100 రూపాయల ప్రత్యేక నోట్లు రిజర్వ్ బ్యాంకు విడుదల చేసింది. నోటు మీద ‘హజ్’ అని ఇంగ్లీషులో అచ్చు, నంబరు ముందు హెచ్, ఏ అక్షరాలు. అటు సౌదీలో కూడా 1953లో ‘హాజీల రసీదులు’ పేరుతో ఒక రకం కాగితం వచ్చింది. అప్పట్లో అక్కడ నడిచింది బరువైన వెండి రియాళ్లు. కొత్తగా పెట్టిన సౌదీ ద్రవ్య సంస్థకి కాగితపు డబ్బు వేసే అధికారం లేదు. అందుకని నోటు అనకుండా రసీదు అన్నారు. హాజీల కోసం దాని మీద అరబీతో పాటు ఉర్దూ సహా పలు భాషల్లో రాశారు. మోయడానికి తేలిక కాబట్టి హాజీలే కాదు, అక్కడి జనమూ వాడటం మొదలుపెట్టారు. 1961లో అసలు కాగితపు రియాల్ వచ్చాక రసీదుల్ని వెనక్కి తీసుకున్నారు.

బొంబాయి నుంచి ఓడలో వెళ్లి, జిద్దాలో దిగి, అక్కడి నుంచి ఇంటికి రాసిన క్షేమ సమాచారం ఉత్తరం మీద సౌదీ స్టాంపు, ముద్ర ఉంటాయి. ఆ తేదీని హిజ్రీ క్యాలెండరుతో సరిచూస్తే హజ్‌కి ఎన్ని రోజుల ముందు రాశారో కూడా తెలిసిపోతుంది. హజ్ నోటు దొరకడం చాలా కష్టం, ఎందుకంటే అది ఖర్చుపెట్టడానికి ఇచ్చింది, దాచుకోవడానికి కాదు. ఉత్తరం మాత్రం చాలా ఇళ్లల్లో మిగిలే అవకాశం ఉంది.

కువైట్ నుంచి వచ్చిన కవర్లని ప్రత్యేకంగా చూడాలి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. బ్యాంకులో నోట్లు దోచుకుపోయారు. విముక్తి తర్వాత 1991లో కువైట్ ప్రభుత్వం ఏకంగా కొత్త నోట్లు తెచ్చి పాతవాటిని రద్దు చేసింది. అమ్మాన్ మీదుగా విమానాల్లో ప్రాణాలతో ఇంటికి చేరిన లక్షమందికి పైగా భారతీయుల్లో కడప, గోదావరి జిల్లాలవాళ్లూ ఉన్నారు. కొందరి దగ్గర ఆ పాత దినార్లు ఇంకా ఉండి ఉంటాయి. డబ్బుగా వాటి పని అయిపోయింది. 1990 జూన్‌లోనో జులైలోనో కువైట్ ముద్రతో వచ్చిన ఉత్తరం ఇంట్లో ఉంటే దాని పక్కన ఆ నోటుకి చోటుంది. ఇంకో జాగ్రత్త. విముక్తి రెండో వార్షికోత్సవానికి 1993లో కువైట్ ప్లాస్టిక్‌తో ఒక దినార్ స్మారక నోటు వేసింది. అది చూడ్డానికే, చెలామణికి కాదు. ‘ఒక దినార్’ అని ఉంది కదా అని కొని మనీ ఎక్స్ఛేంజ్‌కి తీసుకెళ్తే నిరాశే.

ఇక 786 లెక్క

బిస్మిల్లాకి అబ్జద్ లెక్కలో వచ్చే సంఖ్య కాబట్టి 786ని మన దేశంలో చాలామంది బర్కత్‌గా దాచుకుంటారు. అది ఎవరి నమ్మకం వాళ్లది. అమ్మకం దగ్గరికి వస్తే మాత్రం లెక్క చూడాలి. మన నోటు నంబరులో ఆరంకెలు ఉంటాయి. అంటే ఒక్కో సిరీస్‌లో సుమారు 10 లక్షల నోట్లు. వాటిలో చివర 786 వచ్చేవి 1,000. మధ్యలోనో మొదట్లోనో ఎక్కడైనా 786 ఉన్నవన్నీ కలిపితే 3,999. ఇలాంటి సిరీస్‌లు ఏటా ఎన్నో అచ్చవుతాయి. ఇంత సరుకు ఉన్న వస్తువుని ఎవరైనా ఐదు లక్షలకి ఎందుకు కొంటారు? సరదా నంబర్లు ఇష్టపడేవాళ్లు కాస్త ఎక్కువ ఇచ్చి తీసుకుంటారు, 000786 లాంటిదైతే ఇంకాస్త ఎక్కువ. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

లక్షలు ఇస్తామనేవాడు నోటు అడగడు. ముందు ఫొటో అడుగుతాడు. తర్వాత ‘మీ నోటు ఓకే అయింది’ అంటాడు. ఆపైన రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ, ‘ఆర్‌బీఐ అనుమతి’ పత్రానికి ఛార్జీ, కొరియర్ ఇన్సూరెన్స్ అంటూ ఒకదాని తర్వాత ఒకటి యూపీఐలో వేయించుకుంటాడు. రిజర్వ్ బ్యాంకు లోగోతో ఉత్తరం కూడా పంపుతాడు. మొదట వందల్లో మొదలై వేలల్లోకి పోతుంది. పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న ఆరాటంతోనే మళ్లీ కడతారు. ఇంట్లో చెప్పుకోలేక ఊరుకునేవాళ్లలో ఆడవాళ్లు, రిటైరైన పెద్దవాళ్లు ఎక్కువ. పాత నోట్లు, నాణేలు కొనడం అమ్మడంతో తమకి ఎలాంటి సంబంధమూ లేదనీ, వాటికి ఫీజులూ కమీషన్లూ తాము అడగమనీ రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే బహిరంగంగా చెప్పింది. అమ్మేవాడి దగ్గర ముందు డబ్బు అడిగే కొనుగోలుదారు ఎక్కడా ఉండడు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే బ్యాంకు ఖాతాలో ఆపే అవకాశం ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ కష్టం.

రద్దయిన పాత 500, 1000 నోట్ల విషయంలో చట్టం కూడా ఉంది. 2017లో వచ్చిన చట్టం ప్రకారం అవి మొత్తం 10కి మించి ఉంచుకోకూడదు. పరిశోధనకీ, సేకరణకీ అయితే 25 దాకా. దాటితే 10 వేల రూపాయలు లేదా నోట్ల ముఖవిలువకి ఐదింతలు, ఏది ఎక్కువైతే అది జరిమానా. ‘2016 నవంబరు 8’ ముద్ర ఉన్న కవరులో ఒక పాత వెయ్యి నోటు పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. కట్టలు దాచుకుంటే మాత్రం ఇబ్బంది. నోటు పెట్టిన కవరుని మామూలు పోస్టులో వేయడం కూడా తప్పే, దానికి ఇన్సూర్డ్ పద్ధతి ఉంది. అందుకే సేకరించేవాళ్లు ఖాళీ కవరుకే ముద్ర వేయించుకుని, నోటు ఇంటికి వచ్చాక పెడతారు. అలా పెట్టామని చెప్పి అమ్మడంలో తప్పు లేదు. దాచి అమ్మితేనే మోసం. నోటు మీదే స్టాంపు అంటించి ముద్ర కొట్టించే సరదా కొన్ని దేశాల్లో ఉంది. ఇక్కడ వద్దు. నోట్ల మీద రాతలూ ముద్రలూ వద్దని రిజర్వ్ బ్యాంకు ఎప్పటినుంచో చెబుతోంది.

పెట్టె తెరిచాక

ముందు ఏదీ కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, టేపు అంటించొద్దు, పిన్ను కొట్టొద్దు. లామినేషన్ అసలే వద్దు, అది చేశాక కాగితాన్ని మళ్లీ బయటికి తీయలేరు. స్టాంపుని కవరు నుంచి ఊడదీయొద్దు. స్టాంపు విడిగా పది రూపాయలు చేస్తే, ముద్రతో కవరు మీద ఉన్నప్పుడు దాని మాటే వేరు. మడత ఉంటే మడతతోనే ఉండనివ్వండి. బజార్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకి జిగటగా మారి సిరాని లాగేస్తాయి. ఫిలాటెలీ సామాను అమ్మేచోట గట్టి పారదర్శక కవర్లు దొరుకుతాయి. చెదలు, తడి గోడ, వంటగది పక్క అటక, ఈ మూడింటికీ దూరంగా పెట్టాలి.

ధర తెలుసుకోవాలంటే ఒక్కడి మాట నమ్మొద్దు. చార్మినార్ దగ్గర పరిచి అమ్మేవాళ్లు ఒక ధర చెబుతారు, వేలం సంస్థల పాత కేటలాగులు ఇంకోటి చెబుతాయి. అసలు వస్తువులు ఎలా ఉంటాయో కంటితో చూడాలనుకుంటే పిల్లల్ని తీసుకుని సైఫాబాద్ టంకశాల మ్యూజియానికి వెళ్లొచ్చు. పిల్లల్లో నిజంగా స్టాంపుల మీద ఆసక్తి ఉంటే తపాలా శాఖ ‘దీన్ దయాళ్ స్పర్శ్’ పథకం ఉంది. 6 నుంచి 9వ తరగతి చదివేవాళ్లకి ఏడాదికి 6 వేల రూపాయల స్కాలర్‌షిప్. క్విజ్, ప్రాజెక్టు ఉంటాయి. మన పిల్లలు దీనికి దరఖాస్తు చేయడం తక్కువ, స్కూల్లో అడిగితే చెబుతారు.

ఇంట్లో దాదీయో, నానీయో ఉంటే ఒక మధ్యాహ్నం ఆ ఉత్తరాలు వాళ్ల ముందు పెట్టండి. ఇది ఎవరి రాత, కవరు మీద ఉన్న ఆ చిరునామా ఎక్కడిది, అప్పుడు ఆయన ఏం పని చేసేవాడు అని అడగండి. చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసినా సరే, చిన్న చీటీ మీద పెన్సిల్‌తో రాసినా సరే. చీటీని కవరుకి అంటించకుండా దాని వెనకాల విడిగా పెట్టండి. పాత ఉర్దూ రాత చదవగలిగే వాళ్లు ఇంట్లో ఒక్కరే మిగిలి ఉంటే, ఈ పని వచ్చే ఆదివారానికే పెట్టుకోవడం మంచిది.